విస్తీర్ణం పెద్దదైనంత మాత్రాన ఓటు బలం ఎందుకు పెరగదు?

గిద్దలూరు ప్రాంతం నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఫలితాల రోజున టీవీలో చూపించే పటంలో ఒక పార్టీ రంగు ఎక్కువ నేలను కప్పినా ఆ పార్టీ ఓడిపోవచ్చునంటున్నారు, అది ఎలా సాధ్యం? ఆరు మండలాలున్న గిద్దలూరు నియోజకవర్గానికీ, రెండే మండలాలున్న చీరాలకూ ఒక్కొక్క శాసనసభ్యుడే ఉండడం ఏం న్యాయం? కొండ, అడవి, చెరువు, మెట్ట కలిపి ఇంత నేల ఉన్న పడమటి ప్రకాశానికి ఎన్నికల్లో ఆ మేరకు బలం ఎందుకు లేదు? రెవెన్యూ శాఖలో ఉన్నన్నాళ్లూ ఒంగోలు, నెల్లూరు జిల్లాల్లో ఓటర్ల జాబితాల సవరణ, పోలింగ్ కేంద్రాల ఏర్పాటు, ఓట్ల లెక్కింపు పనులు చూసినవాణ్ని కనుక మీ ఆవేదనను నేను తేలికగా తీసుకోను. మీ ప్రాంతానికి జరుగుతున్న లోటు నిజమైనదే. అయితే దానికి విరుగుడు ఓటుకు విస్తీర్ణాన్ని జోడించడంలో లేదని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా స్థానాల పంపకం ఎలా జరిగిందో చూడండి. ఒక్కో నియోజకవర్గ జనాభాకూ, దానికి కేటాయించిన స్థానాల సంఖ్యకూ మధ్య నిష్పత్తి రాష్ట్రమంతటా సాధ్యమైనంతవరకు ఒకే విధంగా ఉండాలని రాజ్యాంగంలోని 170వ అధికరణం చెబుతుంది. ఆ నిష్పత్తిలో విస్తీర్ణానికి చోటు లేదు. ఇప్పుడు మనం ఓటు వేస్తున్న హద్దులను జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన డీలిమిటేషన్ కమిషన్ 2001 జనగణన ఆధారంగా నిర్ణయించింది. మన దగ్గర అవి 2009 ఎన్నికల్లో తొలిసారి అమలయ్యాయి. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7,62,10,007, శాసనసభ స్థానాలు 294. భాగిస్తే ఒక్కో స్థానానికి సుమారు 2,59,000 మంది వస్తారు. ప్రకాశం జిల్లా జనాభా 30,59,423. దానిని ఈ సగటుతో భాగిస్తే 11.8 వస్తుంది, జిల్లాకు దక్కినవి 12 స్థానాలు. నెల్లూరు జిల్లా జనాభా 26,68,564, 10.3 వస్తుంది, దక్కినవి 10. గుంటూరు జనాభా 44,65,144, 17.2 వస్తుంది, దక్కినవి 17. కృష్ణా జనాభా 41,87,841, 16.2 వస్తుంది, దక్కినవి 16. ఇవన్నీ 2022లో జిల్లాలను విడదీయక మునుపటి హద్దుల ప్రకారం చెబుతున్న అంకెలు. కమిషన్ ఏ జిల్లా మీదా ప్రత్యేకమైన ప్రేమగానీ పగగానీ చూపలేదని ఈ భాగహారం చేసుకున్న ఎవరికైనా అర్థమవుతుంది.

ఇదే పంపకాన్ని నేలను బట్టి చేసి చూద్దాం. ఉమ్మడి రాష్ట్ర విస్తీర్ణం 2,75,045 చదరపు కిలోమీటర్లు. ఒక్కో స్థానానికి సుమారు 935 చదరపు కిలోమీటర్లు పడతాయి. అప్పుడు 17,626 చదరపు కిలోమీటర్లున్న ప్రకాశానికి 19 స్థానాలు, 13,076 ఉన్న నెల్లూరుకు 14, 8,727 మాత్రమే ఉన్న కృష్ణాకు 9 వస్తాయి. 38 లక్షల పైచిలుకు జనమున్నందువల్ల 15 స్థానాలు పొందిన హైదరాబాదు జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లే కాబట్టి దానికి ఒక్క స్థానంలో నాలుగో వంతు కూడా రాదు. మన జిల్లాకు ఏడు స్థానాలు అదనంగా వస్తాయంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ లెక్కలో ప్రకాశంలో లక్షా అరవై వేల మందికి ఒక సభ్యుడూ, కృష్ణాలో నాలుగు లక్షల అరవై వేల మందికి ఒక సభ్యుడూ ఉంటారు. మార్కాపురం పలకల కార్ఖానాలో పనిచేసే మనిషి ఓటు బెజవాడ బస్టాండులో మూటలు మోసే మనిషి ఓటుకు దాదాపు మూడింతలు అవుతుంది. ఇద్దరూ కూలి చేసుకుని బతికేవారే. ఇద్దరిపైనా ఒకే ప్రభుత్వం ఒకే చట్టాలతో పాలన సాగిస్తుంది. వారిలో ఒకరి మాటకు మూడు రెట్లు విలువ ఇవ్వడానికి వారుండే ఊరి చుట్టూ బీడు ఎక్కువగా ఉందనే కారణం నాకు చాలదు, మీరు నిదానంగా ఆలోచిస్తే మీకూ చాలదనే అనుకుంటాను.

జిల్లా లోపల కూడా ఇదే జరుగుతుంది. చీరాల, వేటపాలెంలలో జనం ఒత్తుగా ఉండడానికి కారణం చేనేత. మగ్గం గుంటకు మించి నేల లేని కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. కొత్తపట్నం తీరంలోని మత్స్యకారులకు వేట సముద్రంలో, నివాసం ఇసుక దిబ్బ మీద. నెల్లూరు పట్టణంలో పనికోసం వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్నవారికి సెంటు భూమి కూడా ఉండకపోవచ్చు. మన ప్రాంతంలో తక్కువ నేలలో ఎక్కువ మంది ఉంటున్నచోట చాలామంది భూమి లేనివారే. విస్తీర్ణానికి బలం ఇస్తే మొదట నష్టపోయేది వీరే.

ఇక ఆ విస్తీర్ణంలో ఉన్న నేల ఎటువంటిదో కూడా చూడాలి. పడమటి ప్రకాశంలో నల్లమల ఉంది. యర్రగొండపాలెం, దోర్నాల వైపు అడవిలో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోనిది. ఉదయగిరి, రాపూరు వైపు వెలిగొండ కొండలున్నాయి. దక్షిణాన పులికాట్ సరస్సు, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉన్నాయి. సోమశిల, కండలేరు జలాశయాల కింద మునిగిన భూమి ఉంది. వీటిలో ఏ ఒక్కటీ పోలింగ్ కేంద్రానికి వచ్చి ఓటు వేయదు. అడవిలోని పాలుట్ల గూడెంలో ఉంటున్న చెంచులు వేస్తారు. జలాశయం కింద ఊరు పోతే ఆ ఊరి ఓటు నీళ్లలో ఉండిపోదు. మనుషులతో పాటు పునరావాస కాలనీకి పోతుంది. వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాల వారి విషయంలోనూ అంతే.

అందువల్ల భూమికి ఓటు ఇస్తామంటే దాని అసలు అర్థం, ఆ భూమి తరఫున మాట్లాడే హక్కున్న మనిషికి అదనంగా ఓటు ఇస్తామని. అడవి తరఫున అటవీ శాఖ, చేను తరఫున పట్టాదారు మాట్లాడతారు. ఇది ఊహకోసం చెబుతున్నది కాదు, ఇక్కడే జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మన జిల్లాలు ఉన్న కాలంలో 1919, 1935 భారత ప్రభుత్వ చట్టాల కింద ఓటు హక్కు ప్రధానంగా ఆస్తిని, చెల్లించే పన్నును బట్టి ఉండేది. భూమిశిస్తు కట్టే స్తోమత లేని కౌలుదారుకూ, పాలేరుకూ చాలావరకు ఓటు ఉండేది కాదు. దానిపైన జమీందారులకు చట్టసభలో ప్రత్యేక స్థానాలు కూడా ఉండేవి. వెంకటగిరి వంటి పెద్ద సంస్థానం ఉన్న నెల్లూరు జిల్లాలో దీని అర్థం ఏమిటో వివరించనక్కరలేదు. అంత పరిమితమైన ఓటుతోనే 1937లో బొబ్బిలి రాజాను వి.వి.గిరి ఓడించారంటే, ఓటు అందరి చేతికీ వస్తే ఏమవుతుందో భూస్వాములకు అప్పుడే అర్థమై ఉండాలి. అదే సంవత్సరం రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు జమీందారీ సమస్యపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. ప్రకాశం జిల్లాకు ఉన్నది ఆయన పేరే. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1951–52 ఎన్నికల్లో 21 ఏళ్లు నిండిన ప్రతి మనిషీ, సెంటు భూమి లేకపోయినా, జమీందారుతో సమానమైన ఓటు వేశారు. ఆ వయసు 1989లో 18కి తగ్గింది. ఓటును భూమి నుంచి విడదీయడానికి ఈ దేశానికి అంత కాలం పట్టింది. దాన్ని తిరిగి భూమికి ముడివేయాలనే ఆలోచన ఎంత సదుద్దేశంతో వచ్చినా నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

ఇంగ్లాండు అనుభవం కూడా ఇదే. ఓల్డ్ సారం అనే చోట నివాసం ఉండేవారు దాదాపుగా లేకపోయినా ఆ నేలకు పార్లమెంటులో రెండు స్థానాలు కొనసాగాయి. ఆ భూమి ఎవరి చేతిలో ఉంటే వారు చెప్పినవారే సభ్యులయ్యేవారు. 1832 సంస్కరణలతో గానీ అది ఆగలేదు.

మన చట్టం ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఉందో చాలామందికి తెలియదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, ఒక నియోజకవర్గంలో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ మనిషిని అక్కడి నివాసిగా పరిగణించరు. సీఎస్ పురంలో నలభై ఎకరాల పట్టా ఉండి చెన్నైలో స్థిరపడిన ఆసామికి సీఎస్ పురంలో ఓటు ఉండదు. ఆయన చేను కౌలుకు చేస్తూ అక్కడే ఉంటున్న మనిషికి ఉంటుంది. ఓటర్ల జాబితా సవరణ సమయంలో ఈ సెక్షన్ విషయమై తహసీల్దారు కార్యాలయాల్లో జరిగినన్ని వాదనలు మరే విషయంపైనా జరగవు. పాస్‌పుస్తకం చూపించి ఓటు అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు.

భూమితో నేరుగా సంబంధమున్న ఎన్నికల్లో కూడా ఎకరాలు లెక్కకు రావు. 1997 చట్టం కింద ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాల్లో ఓటు ఉండాలంటే ఆయకట్టులో భూమి ఉండాలి. అంతవరకు భూమి అర్హతే. కానీ పెన్నా డెల్టాలో అర ఎకరం మాగాణి ఉన్న రైతుకూ, పాతిక ఎకరాలున్న రైతుకూ సంఘం ఎన్నికలో చెరొక ఓటే. ఎక్కువ వాటాకు ఎక్కువ ఓట్లుండేది కంపెనీల్లో. అక్కడ ఓటు డబ్బుకు ప్రతినిధి.

అమెరికా సుప్రీంకోర్టు 1964లో అలబామా రాష్ట్రానికి సంబంధించిన రేనాల్డ్స్, సిమ్స్ కేసులో ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. ఆ రాష్ట్రంలో 1900 జనగణన ప్రకారం గీసిన హద్దులు అరవై ఏళ్లు దాటినా మారలేదు. పట్టణాలు పెరిగాయి, పల్లె ప్రాంతాల స్థానాలు అలాగే ఉన్నాయి. శాసనసభ్యులు మనుషులకు ప్రతినిధులేగానీ చెట్లకో ఎకరాలకో కాదని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆ తీర్పులో రాశారు. అయితే అదే దేశంలో సెనేట్ మాత్రం ప్రతి రాష్ట్రానికీ రెండు స్థానాలే ఇస్తుంది: దాదాపు నాలుగు కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ రెండే, ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ రెండే. అది రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం. దాన్ని ఆదర్శంగా చూపేవారు అక్కడి చిన్న రాష్ట్రాలకు ఆ సమాన స్థానాలు విస్తీర్ణాన్ని బట్టి రాలేదని మరవకూడదు. మన రాజ్యసభ స్థానాలు కూడా ప్రధానంగా జనాభా ప్రకారమే పంచారు.

ఇప్పుడు పటం సంగతి. జనాభా అనేది స్థానాల పంపకం వరకు మాత్రమే పనిచేస్తుందని గమనించాలి. రేషన్ కార్డు మీద బియ్యాన్ని ఇంటి వైశాల్యం చూడకుండా ఇంట్లోని తలలను లెక్కపెట్టి ఇచ్చినట్లే, స్థానాలను పిల్లలతో సహా మొత్తం జనాన్ని లెక్కపెట్టి ఇస్తారు. ఆ తర్వాత ఫలితాన్ని నిర్ణయించేది ఆ నియోజకవర్గంలో పోలైన ఓట్లు మాత్రమే. పక్కవాడికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారు గెలిచినట్లే. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా ఒక్క ఓటుతో తేలింది. పటంలో ఆ నియోజకవర్గమంతటికీ ఒకే రంగు పూస్తారు. ఎనిమిది మండలాల ఉదయగిరి పటంలో ఎంతో చోటు ఆక్రమిస్తుంది, నగరంలోని కొన్ని వార్డులతో ఏర్పడిన నెల్లూరు సిటీ చుక్కలా కనిపిస్తుంది. సభలో మాత్రం రెండూ ఒక్కొక్క స్థానమే. చూసే కన్ను రంగు పరుచుకున్న నేలను కొలుస్తుంది, లెక్క మాత్రం స్థానాలదీ ఓట్లదీ.

ఇంకొక పొరపాటు కూడా ఆ పటం వల్లే కలుగుతుంది. పాత నెల్లూరు జిల్లాలోని పది స్థానాలనూ 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది, 2024లో తెలుగుదేశం గెలిచింది. రెండు పటాలనూ పక్కపక్కన పెడితే అయిదేళ్లలో జిల్లా జనమంతా ఒక వైపు నుంచి మరో వైపుకు మారిపోయినట్లు అనిపిస్తుంది. కానీ రాష్ట్రం మొత్తం మీద చూస్తే 2019లో 23 స్థానాలే వచ్చిన తెలుగుదేశానికీ, 2024లో 11 స్థానాలే వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతం చొప్పున ఓట్లు ఉన్నాయి. ప్రతి అయిదుగురిలో ఇద్దరు ఆ పటంలో ఎక్కడా కనిపించరు. నియోజకవర్గానికి ఒకరే గెలిచే పద్ధతిలో ఇది తప్పదు. ఆ పద్ధతిని విమర్శించదలిస్తే విమర్శించవచ్చు, అది గంభీరమైన చర్చ. కానీ అది నేలకూ జనానికీ మధ్య చర్చ కాదు, ఓట్లకూ స్థానాలకూ మధ్య చర్చ.

మీ అసలు బాధకు వస్తాను. పెద్ద నియోజకవర్గంలో ఉండడం వల్ల జరిగే నష్టం వాస్తవం. అర్ధవీడు మండలంలోని మనిషి శాసనసభ్యుణ్ని కలవాలంటే పడే ప్రయాసకూ, చీరాల మనిషి పడే ప్రయాసకూ పోలిక లేదు. పార్లమెంటు సభ్యుడి స్థానిక అభివృద్ధి నిధి నియోజకవర్గం ఎంత పెద్దదైనా సంవత్సరానికి అయిదు కోట్లే. 2009లో అమలైన పునర్విభజనలో కంభం, మార్టూరు, అల్లూరు, రాపూరు నియోజకవర్గాలుగా లేకుండా పోయాయి. కొండలు, అడవులు ఎంత ఉన్నా రాపూరుకు సరిపడా జనం లేకపోయారు. ఆ మండలం వెంకటగిరిలో కలిసింది. కంభం మీ గిద్దలూరులో కలిసింది. తమ పేరుతో ఉన్న స్థానం పోయిన ఊళ్లలో ఆ వెలితి ఇప్పటికీ ఉంది. మొత్తం 294 స్థానాలు మారకుండా హైదరాబాదు చుట్టూ జనం పెరిగినప్పుడు, వలసలతో పలచబడిన మెట్ట ప్రాంతాల వాటా తగ్గక తప్పలేదు.

దీనికి మూలం నీళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో కృష్ణా మీద, పెన్నా మీద ఆనకట్టలు వచ్చిన చోట పంటలు, ఊళ్లు, జనం పెరిగారు. ఆనకట్ట అందని కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు మెట్టలు వాన మీద, లోతుబోర్ల మీద, ఫ్లోరైడు నీళ్ల మీద బతికాయి. బతకలేనివారు హైదరాబాదు, బెంగళూరు పోయారు. సాగునీరు రాని చోటికి స్థానాలు కూడా తగ్గుతూ పోవడం అన్యాయంగా అనిపించడం సహజం. ఆ అన్యాయాన్ని సరిదిద్దాల్సింది ప్రాజెక్టులు పూర్తిచేసి, డబ్బు కేటాయించి. విస్తీర్ణానికి విలువ ఇవ్వవలసిన చోట మన వ్యవస్థ ఇప్పటికే ఇస్తోంది: కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను లెక్కించడానికి పదిహేనో ఆర్థిక సంఘం జనాభాకు 15 శాతం, విస్తీర్ణానికి కూడా 15 శాతం, అడవులకు, పర్యావరణానికి 10 శాతం వెయిటేజి ఇచ్చింది. ఎక్కువ నేలకు ఎక్కువ రోడ్డు, ఎక్కువ తీగ, ఎక్కువ ఆసుపత్రులు కావాలి, ఆ ఖర్చు నేలను బట్టి పెరుగుతుంది. రాష్ట్రం నుంచి మండలాలకు నిధులు వచ్చేటప్పుడు కూడా ఇదే సూత్రం పాటించాలని అడగండి. ఆ కోరిక పూర్తిగా న్యాయమైనది, నేను మీ వెంట ఉంటాను. పోలింగ్ కేంద్రాల విషయంలో దూరాన్ని ఇప్పటికే లెక్కలోకి తీసుకుంటున్నారు. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవనవసరం లేకుండా చూడాలన్నది నియమం. అరుణాచల్ ప్రదేశ్‌లోని మలోగాంలో ఒకే ఒక్క ఓటరు కోసం సిబ్బంది కొండదారుల్లో నడిచి వెళ్లి కేంద్రం పెట్టారు. ఆ ఓటు కోసం పడిన శ్రమ ఎంతైనా లెక్కింపులో అది ఒక్క ఓటే.

జనాభా ప్రకారం పంచడంలోనే ఇప్పుడు ఒక లోపం ఉంది, దానిపై మీరు దృష్టి పెట్టడం మంచిది. 1976లో 42వ సవరణ స్థానాల సంఖ్యను స్తంభింపజేసింది, 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు పొడిగించింది. మన హద్దులు ఇంకా 2001 లెక్కల మీదే నడుస్తున్నాయి. అలబామాలో అరవై ఏళ్లు జరిగినది కొంత మేరకు ఇక్కడా జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు పెంచే ప్రస్తావన 2014 విభజన చట్టంలోని 26వ సెక్షన్‌లో ఉన్నా, అది 170వ అధికరణానికి లోబడే జరగాలి కనుక నిలిచి ఉంది.

అందుచేత రాబోయే జనగణన మీ ప్రాంతానికి ఎన్నికలంత ముఖ్యం. అప్పటికి పనికోసం బయటికి పోయి, తిరిగి వచ్చే కుటుంబాలు ఇంటి జాబితాలో తప్పిపోకుండా చూసుకోండి. తర్వాత కమిషన్ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించి బహిరంగ విచారణ జరిపే పద్ధతి గతంలో ఉంది. తుది ఉత్తర్వు వెలువడిన తర్వాత 329వ అధికరణం వల్ల కోర్టులో ప్రశ్నించడానికి దాదాపుగా వీలుండదు కాబట్టి చెప్పదలచుకున్నది విచారణలోనే చెప్పాలి. అక్కడ మా నేల ఎక్కువ అనే వాదన నిలవదు. 2002 డీలిమిటేషన్ చట్టంలోని 9వ సెక్షన్ భౌగోళికంగా ఒద్దికగా ఉండడం, సహజమైన హద్దులు, పాలనా విభాగాల హద్దులు, రాకపోకల వసతి, ప్రజల సౌకర్యం చూడాలంటుంది. మీ నియోజకవర్గంలో ఏ మండలం నుంచి ఏ మండలానికి నేరుగా బస్సు లేదో, ఏ కనుమ దాటి రావాలో, ఏ వాగు పొంగితే దారి ఎన్నాళ్లు ఆగుతుందో గ్రామాలవారీగా, 2011 జనాభా లెక్కలతో సహా రాసి ఉంచుకోండి. గతంలో సగటుకు పది శాతం అటూ ఇటూ ఉండే వెసులుబాటు ఇచ్చారు. పలచని మెట్ట నియోజకవర్గాన్ని ఆ వెసులుబాటు లోపల చిన్నదిగా ఉంచమని అడగడానికి ఇటువంటి వివరాలే ఆధారమవుతాయి.